ముద్దాయి తరఫున ఆమె

హనుమకొండ అదాలత్ సెంటర్‌లో పొద్దున పది దాటాక కాసేపు నిలబడి చూడండి. స్కూటీ ముందు కేసు కట్టలు పెట్టుకుని, నల్లకోటు చేతిమీద వేసుకుని జిల్లా కోర్టుకు వెళ్ళే మహిళా న్యాయవాదులు ఒకరి వెనక ఒకరు కనిపిస్తారు. సుబేదారిలోని కాకతీయ విశ్వవిద్యాలయం లా కాలేజీలో చదివి వచ్చిన వాళ్ళున్నారు. పల్లెల నుంచి వచ్చి, ఇంట్లో మొదటి వకీలు అయినవాళ్ళున్నారు. ఎక్కువమంది సివిల్ వైపో, కుటుంబ తగాదాల వైపో వెళ్తారు. హత్య కేసులో ముద్దాయి తరఫున వకాలతు వేసి, పెద్ద పెద్ద సీనియర్ల ఎదుట సాక్షిని క్రాస్ చేసేవాళ్ళూ ఉన్నారు. కోర్టులో ఉన్న ఈ మనిషి మన తెలుగు నవలలో ఎందుకు లేదు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. ఇవాళ దాని గురించే మాట్లాడుతాను.

కోర్టు చుట్టూ తిరిగే మిస్టరీ నవల అనగానే ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాళ్ళకు మొదట గుర్తొచ్చేది పెర్రీ మేసన్. సృష్టించిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్నర్ స్వయంగా వకీలు. 1933లో మొదటి నవల వచ్చింది, మొత్తం మీద ఎనభైకి పైగా వచ్చాయి. పోలీసులు పట్టుకున్న మనిషి నిరపరాధి. మేసన్ గుచ్చి గుచ్చి అడిగేసరికి అసలు హంతకుడు కోర్టులోనే బయటపడతాడు. ఆ ఆఫీసులో డెల్లా స్ట్రీట్ అనే ఆమె ఉంటుంది. తెలివైనది, ధైర్యమున్నది. అయినా ఆమెది సెక్రటరీ కుర్చీ. వాదించేది ఆయన, నోట్సు రాసుకునేది ఆమె.

ఆమె ఆ కుర్చీలోంచి లేచి బల్లకు ఇవతలివైపు రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 1982లో జూలీ స్మిత్ అనే రచయిత్రి శాన్‌ఫ్రాన్సిస్కో నేపథ్యంగా రెబెకా ష్వార్ట్జ్ అనే మహిళా లాయరుతో మిస్టరీలు మొదలుపెట్టింది. 1990లలో లీసా స్కాటొలైన్ ఫిలడెల్ఫియాలో అందరూ ఆడవాళ్ళే ఉన్న ఒక లా ఆఫీసును కల్పించి వరసగా నవలలు రాసింది. ఆమె కూడా ముందు వకీలే. నాకు వీళ్ళందరికంటే మార్షియా క్లార్క్ సంగతి ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. 1995లో ప్రపంచమంతా టీవీలో చూసిన ఓ.జె.సింప్సన్ కేసులో ప్రభుత్వం తరఫున వాదించి ఓడిపోయిన లాయరు ఆమె. తర్వాత నవలలు రాయడం మొదలుపెట్టింది. తొలి నాయికను తనలాగే ప్రాసిక్యూటర్‌ని చేసింది. 2016కు వచ్చేసరికి సమంతా బ్రింక్‌మన్ అనే డిఫెన్స్ లాయరును నాయికగా తీసుకుంది. ఏళ్ళ తరబడి శిక్ష పడాలని వాదించిన మనిషి, కథ చెప్పే దగ్గరకు వచ్చేసరికి బోనులో నిలబడ్డవాళ్ళ పక్కకు వెళ్ళింది. కథకు కావలసిన భయమూ, అనుమానమూ, ఒంటరితనమూ అన్నీ అటువైపే ఉన్నాయి మరి.

ఇదంతా అమెరికా ముచ్చట, మనకెందుకు అనుకోకండి. ఈ తరహా నవలకు గట్టి పునాది మన దేశంలోనే ఉంది. కార్నీలియా సొరాబ్జీ 1866లో నాసిక్‌లో పుట్టింది. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం పరీక్ష రాసి నెగ్గింది. ఆడది కాబట్టి పట్టా ఇవ్వలేదు. అది చేతికి రావడానికి మరో ముప్ఫై ఏళ్ళు ఆగవలసి వచ్చింది. ఇక్కడికి వచ్చాక ఆమె ఎంచుకున్న పని గమనించండి. పరదా చాటున బతికే జమీందారీ స్త్రీల ఆస్తులు బంధువుల పాలూ, దివాన్ల పాలూ అవుతున్నాయి. ఆ ఆడవాళ్ళతో మాట్లాడాలంటే మగ వకీలు గడప దాటి లోపలికి వెళ్ళలేడు. సొరాబ్జీ వెళ్ళగలదు. 1904 నుంచి బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో ఆమె చేసిన ఉద్యోగం అదే. స్త్రీలు వకీళ్ళుగా పనిచేయకూడదన్న అడ్డంకి చట్టపరంగా తొలగింది 1923లో.

ఈ చరిత్రను పట్టుకుని సుజాతా మాసీ 2018లో మొదటి పర్వీన్ మిస్త్రీ నవల రాసింది. కథాకాలం 1921, ఊరు బొంబాయి. మలబార్ హిల్ మీద ఒక మిల్లు యజమాని చనిపోతాడు. ముగ్గురు భార్యలు పరదాలో ఉంటారు. ముగ్గురూ తమ ఆస్తి వదులుకుంటున్నట్టు కాగితాల మీద సంతకాలు వచ్చాయి. ఆ సంతకాలు చూసి పర్వీన్‌కు అనుమానం వస్తుంది. నేరుగా వాళ్ళతోనే మాట్లాడటానికి పరదా దాటి లోపలికి వెళ్తుంది. ఆ ఇంట్లో హత్య జరిగినప్పుడు పోలీసులకు తెలియని సంగతులు ఆమెకు తెలిసి ఉంటాయి. కోర్టులో నిలబడి వాదించే హక్కు లేకపోయినా, మగ వకీలు అడుగు పెట్టలేని చోటికి ఆమె వెళ్ళగలదు. నవల నడిచేదంతా ఆ ఒక్క వెసులుబాటు మీదే. మహిళా న్యాయవాది నాయిక కావడంలో ఉన్న అసలు బలం నాకు ఇక్కడ కనిపిస్తుంది. కక్షిదారు ఇంటి ఆడవాళ్ళు మగ వకీలు ముందు నోరు విప్పరు. అదే మాట ఆమెతో వంటింటి గడప దగ్గర కూర్చుని చెబుతారు.

మన తెలుగు నేల మీద ఇంతకంటే గొప్ప కథ ఉంది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. జైల్లో చదువురాని ఆడవాళ్ళు తమ కేసేమిటో, ఏ నేరానికి శిక్ష పడిందో కూడా సరిగ్గా తెలియకుండా మగ్గిపోతుండటం చూశారు. బయటకు వచ్చాక చదువు మళ్ళీ మొదలుపెట్టి, 1942లో మద్రాసులో లా పట్టా తీసుకుని వకీలయ్యారు. నాలుగేళ్ళకు రాజ్యాంగ సభలో కూర్చున్నారు. జైలు గోడల లోపల మొదలై వకాలతు దాకా వచ్చిన ఈ జీవితం ఎంత మంచి నవలకు ఆరంభం! ఆ కోణంలో రాసినవాళ్ళెవరూ నాకు కనిపించలేదు. 1978లో జస్టిస్ అమరేశ్వరి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. ఆ తరం మహిళా వకీళ్ళు ఏం భరించారో కూడా కథల్లోకి వచ్చినట్టు నాకు కనిపించలేదు.

అలాగని తెలుగులో కోర్టు సాహిత్యం లేదా అంటే, దేశంలో ఏ భాషకూ తీసిపోనిది ఉంది. విశాఖపట్నంలో క్రిమినల్ కేసులు వాదించిన రావిశాస్త్రి గారి ‘ఆరు సారా కథలు’ చదవండి. అందులో ‘మాయ’ అనే కథ ఉంది. కుర్ర వకీలు ముత్యాలమ్మ అనే ఆవిడ సారా కేసు పట్టుకుంటాడు. చట్టం పుస్తకంలో ఉన్నదేమిటో, కోర్టులో నడిచేదేమిటో చివరికి వకీలుకు పాఠం చెప్పేది ఆ ముత్యాలమ్మే. బీనాదేవి పేరుతో రాసిన దంపతుల్లో భర్త న్యాయమూర్తి. వేములవాడకు చెందిన మంగారి రాజేందర్ ‘జింబో’ జడ్జిగా ఉంటూనే కోర్టు కథలు రాశారు. మరోవైపు డిటెక్టివ్ నవల ఉంది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు కోసం అద్దె పుస్తకాల షాపుల ముందు కాచుకుని కూర్చున్న తరం ఇంకా మన మధ్య ఉంది. యండమూరి ‘అభిలాష’లో ఉరిశిక్ష రద్దు కోసం ఒక యువ లాయరు తన మెడకే ఉచ్చు బిగించుకుంటాడు. డి. కామేశ్వరి గారి ‘కొత్తమలుపు’ నవల 1981లో ‘న్యాయం కావాలి’ సినిమా అయింది. అందులో శారద వేసిన లాయరు శకుంతల పాత్రను ఆ రోజుల్లో చూసినవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. 2021లో వచ్చిన ‘నాంది’ సినిమాలో చేయని హత్యకు ఏళ్ళ తరబడి విచారణ ఖైదీగా ఉన్న యువకుడి తరఫున నిలబడేది వరలక్ష్మి శరత్‌కుమార్ వేసిన మహిళా న్యాయవాది పాత్ర. తెర మీదకు వచ్చింది కదా! మరి వరసగా నాలుగైదు నవలల్లో నడిచే నాయికగా ఎందుకు రాలేదు? డిటెక్టివ్ నవల మగవాళ్ళ చేతిలో ఉండిపోయింది, నవలా రచయిత్రులు కుటుంబ కథల వైపు వెళ్ళారు, కోర్టు తెలిసినవాళ్ళు చిన్న కథతో ఆగారు. నాకు తోచిన కారణం ఇది.

రాయాలనుకునేవాళ్ళు పెర్రీ మేసన్‌ను పక్కన పెట్టి రాయాలి. మన కోర్టులో జ్యూరీ లేదు. 1959 నాటి నానావతి కేసు తర్వాత ఆ పద్ధతి క్రమంగా పోయింది. కాబట్టి ప్రేక్షకుల వైపు తిరిగి కళ్ళనీళ్ళు తెప్పించే ఉపన్యాసాలు సినిమాలోనే. మన కోర్టులో సాక్షి ఏదో మూలనుంచి లేచి ‘చంపింది నేనే’ అనడు. ఇక్కడ వాయిదాలుంటాయి. సాక్షిని పిలిచినవాళ్ళే అడిగే చీఫ్ ఇవాళ అయితే, ఎదుటివాళ్ళు అడిగే క్రాస్ వచ్చే నెల. ఈలోగా సాక్షిని ఎవరో కలుస్తారు, అతను అడ్డం తిరుగుతాడు. నిజానికి మిస్టరీకి ఇంతకంటే మంచి గడువు ఏ రచయిత అడగగలడు? రెండు వాయిదాల మధ్య ఆ నెల రోజులే ఒక అధ్యాయం.

ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. ఎనుమాముల మార్కెట్ యార్డు అనుకోండి. మిర్చి సీజన్. ఒక అడ్తిదారు రాత్రి తన దుకాణంలో హత్యకు గురయ్యాడు. యార్డులో పనిచేసే ఒక హమాలీని పోలీసులు పట్టుకున్నారు. అతనికి వకీలును పెట్టుకునే స్తోమత లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ తరఫున ఒక యువ న్యాయవాది వచ్చింది. ఛార్జిషీటు తిరగేస్తే అన్నీ పకడ్బందీగా ఉన్నాయి. ముద్దాయి ఒప్పుకోలు, అతను చూపించిన చోట దొరికిన రక్తపు చొక్కా, ఇద్దరు పంచుల సంతకాలతో పంచనామా. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. కానీ ఆ మాటల ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో అది 27వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టంలో 23వ సెక్షన్ కిందికి వచ్చింది. కేసంతా ఆ చొక్కా మీద నిలబడి ఉంది.

ఇప్పుడు ఆమె పంచు సాక్షిని క్రాస్ చేస్తుంది. గొంతు పెంచదు. ‘మీరు సంతకం ఎక్కడ పెట్టారు?’ అని అడుగుతుంది. ‘పంచనామా మీద’ అంటాడు. ‘కాగితం మీద ఎక్కడ అని కాదయ్యా, కాగితం ఎక్కడ పెట్టుకుని సంతకం చేశారు? నేల మీదా, బల్ల మీదా?’ ‘బల్ల మీద.’ చొక్కా దొరికింది యార్డు వెనక తుమ్మచెట్ల మధ్య అని పంచనామా చెబుతుంది. తుమ్మచెట్ల మధ్య బల్ల ఎక్కడిది? ఆమె ఆ ప్రశ్న అడగదు. అడిగితే అతను సర్దుకుంటాడు. ‘అయిపోయిందండీ’ అని కూర్చుంటుంది. మంచి డిఫెన్స్ లాయరు ఎక్కడ ఆపాలో తెలిసిన లాయరు. తోడుగా ఆమె దగ్గర మరో రెండు ఆధారాలుంటాయి. హమాలీ ముఠా లెక్కల పుస్తకం ఒకటి: ఆ రాత్రి ఎన్ని బస్తాలు ఎవరు ఏ లారీకి ఎత్తారో అందులో ఉంటుంది. ఆ రోజు రైతుకు ఇచ్చిన తక్‌పట్టీ రెండోది: కాంటా వేసింది ఎవరు, ఎన్ని బస్తాలు, ఏ ధర అన్నది అందులో ఉంటుంది. ఆ తక్‌పట్టీలో లెక్క తేడా ఉంది. ఆ తేడా చూసి గొడవపడ్డ మనిషి మరొకడున్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పేది కాంటా వేసే దడువాయీ కాదు, గుమాస్తా కాదు. యార్డులో రాలిన మిరపకాయలు ఏరుకునే ముసలమ్మ.

చూశారా, ఇందులో ఏదీ బయటి దేశం నుంచి తెచ్చుకోనక్కరలేదు. సాక్ష్య చట్టంతోపాటే వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సోదాలనూ స్వాధీనాలనూ వీడియో తీయాలంటుంది. అంటే రేపటి నవలలో ఆ వీడియో, అందులో కనపడని ఒక నిమిషం, మరో కొత్త ఆధారం అవుతాయి. 1984లో శరద్ బిర్దీచంద్ శార్దా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఐదు సూత్రాలను వకీళ్ళు పంచశీల అంటారు. ప్రత్యక్ష సాక్షి లేనప్పుడు, పరిస్థితుల గొలుసులో ఒక్క లంకె కూడా తెగి ఉండకూడదు, నేరం ముద్దాయే చేశాడన్నది తప్ప మరో ఊహకు చోటు ఉండకూడదు. డిటెక్టివ్ యుగంధర్ పని హంతకుడిని పట్టుకోవడం. ఈ నవలలో నాయిక పని ఆ గొలుసులో తెగిన లంకె చూపించడం. అసలు హంతకుడు దొరక్కపోయినా ఆమె గెలవవచ్చు. పాఠకుడికి ఆ అసంతృప్తి మిగలాలి కూడా.

ఇప్పుడు కష్టమైన భాగానికి వస్తాను. ‘అలాంటివాళ్ళ తరఫున వాదించడానికి మనసెలా ఒప్పుతుంది?’ ఈ ప్రశ్న ప్రతి డిఫెన్స్ లాయరూ వింటాడు. ఆడమనిషైతే రెట్టింపు వింటుంది. మన వరంగల్ ఈ ప్రశ్నను దగ్గరనుంచి చూసింది. 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. వారిలో ఒక అమ్మాయి చనిపోయింది. పట్టుబడిన ముగ్గురూ కొద్దిరోజులకే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఊరు సంబరాలు చేసుకుంది. ఆ కేసు విచారణకు రాలేదు. 2019లో హనుమకొండలో ఒక పసిబిడ్డ మీద జరిగిన ఘోరంలో కోర్టు రెండు నెలల లోపే విచారణ ముగించి మరణశిక్ష వేసింది. ఆ నవంబరులో హైకోర్టు దాన్ని జీవితఖైదుగా మార్చింది. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ వాదనా నిలవదు, నిజమే. అయినా అప్పీలు వినాలంటే ఎవరో ఒకరు అటువైపు నిలబడాలి. నేరం ఘోరమైనప్పుడు నిందితుడి తరఫున ఎవరూ వాదించకూడదని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేస్తుంటాయి. అలాంటి తీర్మానాలు చెల్లవని, రాజ్యాంగానికి విరుద్ధమని 2010లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

తెలంగాణకు ఈ సంగతి అంతకు ముందే తెలుసు. సాయుధ పోరాటం కేసుల్లో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు పన్నెండు మందికి ఉరిశిక్ష వేశాయి. తమకు వకీలును పెట్టుకునే సరైన అవకాశం ఇవ్వలేదన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వాళ్ళ తరఫున వాదించడానికి డి.ఎన్. ప్రిట్ అనే బ్రిటిష్ న్యాయవాది ఇంగ్లండ్ నుంచి వచ్చాడు. 1951లో జనార్దనరెడ్డి కేసుగా అది లా రిపోర్టులకెక్కింది. కోర్టులో వాళ్ళు ఓడిపోయినా తర్వాత ఉరిశిక్షలు తగ్గి ప్రాణాలు దక్కాయి. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ ఉద్యోగం వదిలి, తర్వాత నల్లకోటు వేసుకున్నది కూడా వకీలు దొరకనివాళ్ళ కోసమే. నిరపరాధికి శిక్ష పడితే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2007లో విజయవాడలో ఒక హాస్టల్ విద్యార్థిని హత్య జరిగింది. అందులో శిక్షపడ్డ యువకుడు ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నాడు. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని విడిచిపెట్టింది. ఆ అమ్మాయిని చంపిందెవరో తేలకపోవడం ఆమె తల్లికి జరిగిన అన్యాయం. చేయనివాడిని లోపల పెట్టడం వల్ల ఆ అన్యాయం రెండింతలైంది.

నేను చదవాలనుకునే నవల ఇక్కడ పుట్టాలి. ఆడపిల్లలకు జరిగే ఘోరాలు చూసి రగిలిపోయే మనిషి, అలాంటి కేసులోనే ముద్దాయి తరఫున నిలబడవలసి వస్తే? ఇంట్లో తల్లి మాట్లాడటం మానేస్తుంది. బార్ రూములో పక్క కుర్చీ ఖాళీ అవుతుంది. ఆమెకూ తన కక్షిదారు నిరపరాధో కాదో తెలియదు. తెలిసిందల్లా పంచనామా తప్పుడుదని. ఆ రాత్రి ఆమె ఏం చేస్తుంది? ఈ ప్రశ్న మీద మూడువందల పేజీలు నడపగల రచయిత్రి మనకు కావాలి. నాయికను లోపం లేని దేవతను చేసి చూపకుండా, కేసు ఓడిపోయిన రోజున కూడా వెంబడించగలిగిన రచయిత్రి.

అందుకే ఈ మాటలు వింటున్న యువ న్యాయవాదులకు నా విన్నపం. 2021 డిసెంబరులో హనుమకొండలో పది కోర్టుల కొత్త భవన సముదాయం ప్రారంభమైంది. ఆ మెట్ల మీద రోజూ మీరు చూసే మనుషులను ఇంకెవరూ చూడటం లేదు. కక్షిదారుల పేర్లు, గుట్లు బయటపెట్టకండి, అది మీ వృత్తి ధర్మం. కానీ బెంచి క్లర్కు పిలిచే తీరు, కోర్టు కానిస్టేబుల్ నడక, పేషీ కోసం పొద్దున్నే బస్సెక్కి వచ్చిన తల్లి చేతిసంచి, క్రాస్ చేసేటప్పుడు మీ గొంతులో వణుకు, ఇవన్నీ రాయండి. మొదటి నవల బాగా రాకపోయినా రెండోది రాయండి. ఒక విషయం శ్రోతలందరికీ: 1987 న్యాయసేవల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచితంగా వకీలును పొందే హక్కు ఉంది. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆ హక్కు ఉంది. న్యాయసేవల హెల్ప్‌లైన్ నంబరు 15100. రాసి పెట్టుకోండి.